ప్లాస్మాలో పెరిగే కార్బన్ రేణువులు: మన చెప్పుచేతల్లో ఎంతవరకు?

గాలి మొత్తం తోడేసిన స్టీలు ఛాంబర్‌లో ఆర్గాన్ వాయువును పలచగా నింపి రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తుతో వెలిగిస్తే లేత ఊదారంగు కాంతి వస్తుంది. అలా వెలిగే వాయువే ప్లాస్మా. అందులోకి వెల్డింగ్ షాపుల్లో వాడే ఎసిటిలీన్ గ్యాసును కొద్దిగా వదిలితే, సెకన్ల వ్యవధిలో ఆ కాంతిలోనే ధూళి పుడుతుంది. ఆ ధూళిని బయటినుంచి ఎవరూ చల్లరు. గ్యాసులోని అణువులే చిట్లి, ఒకదానికొకటి అతుక్కుని, గుండ్రటి కార్బన్ రేణువులై నిమిషాల్లో వందల నానోమీటర్ల సైజుకు ఎదుగుతాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఎదుగుతున్నంతసేపూ అవి గోడను గాని అడుగును గాని తాకకుండా తేలుతూనే ఉంటాయి.

ఈ రేణువుల సైజు, ఆకారం, లోపలి అల్లిక, పైపొర స్వభావం ముందే నిర్ణయించుకుని ఆ ప్రకారం పెంచగలమా? దాదాపు నలభై ఏళ్లుగా భౌతిక, రసాయన శాస్త్రజ్ఞులు కలిసి వెతుకుతున్న జవాబు ఇది. నాకు అర్థమైనంతలో, సైజు విషయంలో ధైర్యంగా అవునని చెప్పవచ్చు. మిగతా మూడింటి విషయంలో మనం ఇంకా సగం దారిలోనే ఉన్నాం. పెరిగే రేణువు తాను పెరుగుతున్న ప్లాస్మానే మార్చేస్తుంది కాబట్టి ఏ ఒక్క గుణాన్నీ మిగతావాటి నుంచి విడదీసి అదుపు చేయడం కష్టమవుతోంది.

మొదట్లో ఈ ధూళిని ఎవరూ కోరుకోలేదు. 1980లలో చిప్‌ల కంపెనీలకు సిలికాన్ వేఫర్ల మీద పడే మచ్చలు పెద్ద తలనొప్పిగా ఉండేవి. ఐబీఎం వారి యార్క్‌టౌన్ హైట్స్ పరిశోధనశాలలో గ్యారీ సెల్విన్ ప్లాస్మా గుండా లేజర్ కాంతి పంపి చూశాడు. వేఫర్‌కు కాస్త పైన రేణువులు వలయాల్లా, మేఘాల్లా మెరుస్తూ నిలబడి కనిపించాయి. ప్లాస్మా ఆపగానే అవి వేఫర్ మీద రాలిపడేవి. ఎంత శుభ్రమైన గదిలో పనిచేసినా లాభం లేదని, చిప్‌ను చెక్కే ప్లాస్మాయే ఆ ధూళిని కంటోందని 1989లో వచ్చిన ఆయన పరిశోధన తేల్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు దీన్ని పుట్టకుండా ఆపడం ఎలా అన్నదే అందరి ధ్యాస.

ఆపాలంటే ముందు ఎలా పుడుతుందో తెలియాలి. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో లైఫా బూఫెండి, ఆంద్రే బూషూల్ బృందం సిలేన్ వాయువుతో చేసిన ప్రయోగాల్లో మూడు దశలు బయటపడ్డాయి. మొదట రెండు మూడు నానోమీటర్ల బీజాలు లెక్కలేనన్ని పుడతాయి. వాటి సంఖ్య ఒక హద్దు దాటగానే అవి ఒకదాన్నొకటి ఢీకొని ముద్దలవుతాయి, సైజు పదుల నానోమీటర్లకు చేరుతుంది. ఆ సైజు రేణువు మీద రుణావేశం స్థిరంగా నిలుస్తుంది. ఆపైన రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఇక ముద్దలు కట్టవు. చుట్టూ తిరిగే అణువుల ముక్కలు పైపొర మీద అతుకుతూ ఒక్కో రేణువూ విడిగా లావెక్కుతుంది. మూడో దశలో రేణువుల సంఖ్య మారదు, సైజు మాత్రం అన్నిటికీ ఒకేలా పెరుగుతుంది. పుట్టిన ధూళి అంతా ఇంచుమించు ఒకే సైజులో ఉండటానికి కారణం ఇదే. చిప్‌ల వాళ్లకు శాపమైన ఈ గుణమే తర్వాత పదార్థ శాస్త్రజ్ఞులకు వరమైంది.

కార్బన్‌కు వచ్చేసరికి కథలో రసాయనం పాలు ఎక్కువ. ఎలక్ట్రాన్ ఒకటి వచ్చి ఎసిటిలీన్ అణువుకు తగిలి అతుక్కుంటే ఒక హైడ్రోజన్ ఊడిపోయి రెండు కార్బన్ల రుణ అయాను మిగులుతుంది. అది మరో ఎసిటిలీన్‌ను కలుపుకుని నాలుగు కార్బన్లదవుతుంది, ఆ తర్వాత ఆరు, ఎనిమిది. ప్రతి మెట్టులోనూ హైడ్రోజన్ బయటికి పోతుంది. లౌసాన్‌లో దెషెనో, హోలెన్‌స్టైన్ బృందం 1999లో ఈ వరసను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పట్టుకుంది. ఆంట్‌వెర్ప్‌లో దె బ్లేకర్, బోగార్ట్స్ కంప్యూటర్ నమూనాలు కట్టి, బీజం పుట్టే దారిలో ఈ రుణ అయాన్లదే పెద్ద పాత్ర అని చూపారు. ఇందులో ప్లాస్మా స్వభావం కూడా కలిసొస్తుంది. ప్లాస్మా నడిభాగం గోడలకంటే ధన విభవంలో ఉంటుంది కనుక ధన అయాన్లు గోడలకు కొట్టుకుపోతాయి, రుణ అయాన్లు లోపలే చిక్కుకుంటాయి. చిక్కుకున్నదానికి ఎదిగే సమయం దొరుకుతుంది.

మీథేన్‌తో అంత సులువు కాదు. మీథేన్‌కు ఇలాంటి గొలుసు లేదు. ముందు కొంత మీథేన్ ప్లాస్మాలోనే ఎసిటిలీన్‌గా మారితే గాని ధూళి మొదలవదు. అందుకే మీథేన్ ప్రయోగాల్లో మొదట కాసేపు పవర్ పెంచడమో, చాలాసేపు ఎదురుచూడటమో చేయాల్సి వస్తుంది. ఏ గ్యాసు ఎంచుకున్నామన్నదే అన్నిటికంటే పెద్ద మీట అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆముదపు దీపం మీద గిన్నె బోర్లించి పట్టే కాటుక కూడా ఈ కుటుంబానిదే. మంటలోనూ ఇంధనం ముక్కలై, హైడ్రోజన్ ఊడుతూ ఎసిటిలీన్ చేరుతూ మసి పెరుగుతుందని మైకేల్ ఫ్రెంక్లాక్ వివరించిన మార్గం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. కాని మంటలో రేణువు మిల్లీసెకన్లపాటే ఉండి పొగతో పైకి పోతుంది. ప్లాస్మాలో నిమిషాలు, అవసరమైతే గంటలు నిలబడుతుంది. మంట మొత్తం వేడిగా ఉంటుంది. ఈ ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల డిగ్రీలు దాటినా, గ్యాసు గది ఉష్ణోగ్రతకు కాస్త అటూఇటూగానే ఉంటుంది. బంధాలు తెంచే శక్తి ఉంది, రేణువును కాల్చే వేడి లేదు. ఇక్కడ గుణాలను మలచవచ్చన్న ఆశకు పునాది ఈ రెండు తేడాలే.

రేణువు తేలడం వెనక లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. ఎలక్ట్రాన్లు తేలికైనవి, వేగమైనవి. అయాన్ల కంటే ముందే వచ్చి రేణువు మీద చేరతాయి. ఒక మైక్రోమీటరు వ్యాసార్ధం ఉన్న రేణువు మీద కొన్ని వేల ఎలక్ట్రాన్ల ఛార్జి నిలుస్తుంది. కింది ఎలక్ట్రోడ్ దగ్గరి విద్యుత్ క్షేత్రం ఆ ఛార్జిని పైకి నెట్టి బరువును సునాయాసంగా మోస్తుంది. అయితే ఛార్జి వ్యాసార్ధంతో పాటు పెరిగితే బరువు వ్యాసార్ధం ఘనంతో పెరుగుతుంది. వ్యాసార్ధం రెట్టింపయితే ఛార్జి రెట్టింపు, బరువు ఎనిమిది రెట్లు. కాబట్టి భూమి మీద ఈ పద్ధతిలో పెంచే సైజుకు ఒక పైహద్దు ఉంటుంది. గ్యాసు నుంచి నేరుగా పెంచితే సాధారణంగా మైక్రోమీటరు చుట్టుపక్కలకు వచ్చేసరికే రేణువులు ప్లాస్మా వదిలి వెళ్లిపోతాయి. అంతకంటే పెద్దవి కావాలంటే, బజారులో దొరికే ప్లాస్టిక్ గోళాల్లాంటి తయారు రేణువులను ప్లాస్మాలో చల్లి, వాటి మీద కార్బన్ పూత ఎక్కించడం తేలిక దారి.

ప్రయోగం జరుగుతుండగా చూస్తే ఈ ధూళి ఎంత మొండిదో అర్థమవుతుంది. ఆకుపచ్చ లేజర్ కాంతిని పలచని పరదాలా పరిచి పక్కనుంచి కెమెరా పెడతారు. ఎసిటిలీన్ వదిలిన కాసేపటివరకు ఏమీ కనిపించదు; రేణువులు కాంతిని చెదరగొట్టేంత పెద్దవి కావాలి. కాని పరికరాలు ముందే పసిగడతాయి. ఎలక్ట్రోడ్ మీది విద్యుత్ పీడనం జారడం మొదలవుతుంది. ఎలక్ట్రాన్లను రేణువులు మింగేస్తున్నాయి కాబట్టి మిగిలిన కొద్ది ఎలక్ట్రాన్లే ప్లాస్మాను నిలబెట్టాలి. అవి మరింత వేడెక్కుతాయి, వెలుగు పెరుగుతుంది. తర్వాత లేజర్ పరదాలో పాలపొగలాంటి మేఘం తేలుతుంది. రేణువులు పెద్దవవుతున్నకొద్దీ మధ్యలో ఒక నల్లటి ఖాళీ తెరుచుకుంటుంది, ఎందుకంటే మధ్య నుంచి బయటికి ప్రవహించే అయాన్లు పెద్ద రేణువులను తమతో ఈడ్చుకుపోతాయి. ఖాళీ పెరిగి పెరిగి మేఘాన్ని అంచులకు తోస్తుంది. ధూళి వెళ్లిన చోట ఎలక్ట్రాన్లు మళ్లీ పుంజుకుంటాయి, అక్కడ కొత్త బీజాలు పుడతాయి, రెండో తరం మొదలవుతుంది. గ్యాసు ప్రవాహం, పవర్ మార్చకుండా వదిలేసినా ఈ చక్రం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది. బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయంలో ఎవా కొవాచెవిచ్, యోహానెస్ బెర్న్‌ట్, యోర్గ్ వింటర్ తదితరులు 2003లో పరారుణ కాంతితో ఈ చక్రాన్ని దశలవారీగా నమోదు చేశారు.

సైజును అదుపు చేయడం మనకు ఎందుకు చేతనవుతుందో ఇక్కడ తెలుస్తుంది. ఒకే తరంలో అన్ని రేణువులూ ఒకేసారి పుట్టి ఒకేలా పెరుగుతాయి కాబట్టి, ప్లాస్మాను సరైన క్షణంలో ఆపితే కోరిన సైజు చేతికొస్తుంది. నిజానికి ఇక్కడ మన మీట గడియారమే. పీడనం, గ్యాసు ప్రవాహం, పవర్ కలిసి పెరిగే వేగాన్ని నిర్ణయిస్తాయి. ఎక్కడ ఆపాలో సమయం నిర్ణయిస్తుంది. విద్యుత్తును తెరలు తెరలుగా ఇస్తే, ఆపిన విరామాల్లో రుణ అయాన్లు బయటపడి, బీజాల పుట్టుకే తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. గ్యాసును వేడిచేసినా పుట్టుక మారుతుంది. ఐండ్‌హోవెన్‌లో బెకర్స్, స్టోఫెల్స్, క్రూసెన్ 2009లో ఆర్గాన్, మీథేన్ ప్లాస్మాలో దీన్నే పరీక్షించారు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో బలమైన అయస్కాంత క్షేత్రంలో ఎసిటిలీన్ ధూళిని పెంచి చూశారు. ఎలక్ట్రాన్ల దారిని అయస్కాంతం మార్చితే ధూళి మేఘం ఆకారం, పెరిగే తీరు రెండూ మారతాయి. ఇది కొత్త మీట. దానితో ఎంత పని చేయించవచ్చో తేలడానికి సమయం పడుతుంది.

ఆకారం అంత మాట వినదు. మొదట్లో రేణువు నున్నగా ఉంటుంది. పైపొర మీద చేరే ముక్కలు వచ్చిన చోటే అతుక్కుపోతే, చిన్న ఎత్తులు మరింత ఎత్తుగా పెరిగి, చివరకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కాలీఫ్లవర్ పువ్వులా కనిపించే బుడిపెల బంతి తయారవుతుంది. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌ను అయాన్లతో చెక్కి, ఆ ఆవిరి నుంచి రేణువులు పెంచిన ప్రయోగాల్లో 1990ల నుంచీ ఈ రూపం కనిపిస్తోంది. దీన్ని లోపంగా చూసేవారే ఎక్కువ. నేను అలా అనుకోను. బుడిపెల రేణువుకు ఉపరితలం ఎక్కువ. మందునో, ఉత్ప్రేరకాన్నో మోయించాలంటే అదే మేలు. కావలసింది ఏ పరిస్థితిలో నున్ననిది, ఏ పరిస్థితిలో బుడిపెలది వస్తుందో చెప్పగల పటం. అది ఇంకా ముక్కలు ముక్కలుగానే ఉంది.

లోపలి అల్లికలోనే అసలు కష్టం. ఈ రేణువులు చాలావరకు హైడ్రోజన్ కలిసిన స్ఫటికరహిత కార్బన్. అందులో గ్రాఫైట్ తరహా బంధాలు ఎన్ని, వజ్రం తరహావి ఎన్ని, హైడ్రోజన్ ఎంత అన్నదాన్నిబట్టి గట్టిదనం, రంగు, కాంతిని పీల్చే తీరు, విద్యుత్తును పోనిచ్చే తీరు అన్నీ మారతాయి. హైడ్రోజన్ ఎక్కువైతే మెత్తగా, పసుపు గోధుమ రంగులో పాలిమర్‌లా ఉంటుంది. తగ్గితే నల్లబడి గట్టిపడుతుంది. పలకల మీద పూత వేసేవారు ఇదే కార్బన్‌ను ఎలక్ట్రోడ్‌కు విద్యుత్ పీడనం పెట్టి, అయాన్లను బలంగా గుద్దించి, చాలా కాలంగా మలుస్తున్నారు. తేలే రేణువు మీద ఆ పద్ధతి పనిచేయదు. దాన్ని ఏ ఎలక్ట్రోడ్‌కూ కట్టలేం. దాని విద్యుత్ పీడనాన్ని ప్లాస్మాయే నిర్ణయిస్తుంది, కొన్ని వోల్టులకు మించదు. అందువల్ల గ్యాసు మిశ్రమం మార్చడం, హైడ్రోజన్ లేదా నైట్రోజన్ కలపడం, గ్యాసును వేడిచేయడం, పెరిగాక వేరే ప్లాస్మాలో మరోసారి ఉంచడం వంటి అడ్డదారులే మిగులుతాయి.

ప్లాస్మాలో వజ్రం పుట్టించడం సాధ్యం కాదనుకోవద్దు. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో మోహన్ శంకరన్ బృందం 2013లో ఇథనాల్ ఆవిరిని అతిచిన్న ప్లాస్మాలోంచి పంపి, సాధారణ వాతావరణ పీడనంలోనే కొన్ని నానోమీటర్ల వజ్రపు రేణువులు తీసింది. అక్కడ హైడ్రోజన్ చేసే పని కీలకం: వజ్రం కాని కార్బన్‌ను అది ఎంచి కొరికేస్తుంది. అంటే ఏం పెరగాలో చెప్పడం కంటే ఏం మిగలకూడదో చెప్పడం ఈ రసాయనంలో సులువు. ఈ ఆలోచనను పెద్ద రేణువులకు విస్తరించడంలోనే ముందుదారి ఉందని నా నమ్మకం.

కొలవడంలోనూ చిక్కు ఉంది. రేణువును బయటికి తీయగానే దాని మీద మిగిలిన అసంపూర్ణ బంధాలు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూసేది అప్పటికే మారిన వస్తువును. అందుకని తేలుతుండగానే కొలవాలి. రేణువుల మీద పడి చెదిరిన లేజర్ కాంతి ధ్రువణంలో వచ్చే మార్పునుంచి సైజును, వక్రీభవన గుణకాన్ని రాబట్టే పద్ధతిని క్యోటోలో హయాషి, తాచిబానా 1994 నాటికే మొదలుపెట్టారు. కీల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంకో గ్రైనర్ బృందం దాన్ని కెమెరాతో కలిపి, మేఘంలో ఎక్కడ ఏ సైజు ఉందో బొమ్మగా చూపింది. రెండు బృందాలూ వాడింది కార్బన్ ధూళినే. అదే 1994లో హయాషి, తాచిబానా మీథేన్ ప్లాస్మాలో పెరిగిన కార్బన్ రేణువులు వరసలు కట్టి స్ఫటికంలా నిలవడం కూడా చూశారు. జర్మనీలో, తైవాన్‌లో ప్లాస్మా స్ఫటికాలు కనిపించిన సంవత్సరమూ అదే. పెంచిన ధూళితో అంత క్రమం రావడం, దాని సైజు ఎంత సమంగా ఉందో చెప్పే గట్టి సాక్ష్యం.

ఇంత శ్రమ ఎందుకంటే, కార్బన్ ధూళి ఆకాశం నిండా ఉంది. నక్షత్రాల మధ్య ధూళి 3.4 మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చే తీరు, ఎసిటిలీన్ ప్లాస్మాలో పెరిగిన రేణువులు పీల్చే తీరు దగ్గరగా ఉన్నాయని బోఖుమ్ బృందం 2005లో చూపింది. శని ఉపగ్రహం టైటాన్ మీది నారింజ రంగు పొగమంచు నైట్రోజన్, మీథేన్ కలిసిన వాతావరణంలో పుడుతోంది. అలాంటి పదార్థాన్ని ప్రయోగశాలలో చేసి 1979లో దానికి థోలిన్ అని పేరు పెట్టిన ఇద్దరిలో కార్ల్ సాగన్ ఒకరు, వారణాసిలో పుట్టిన బిషున్ ఖరే మరొకరు. కాసిని నౌక టైటాన్ పైవాతావరణంలో హైడ్రోజన్ కంటే దాదాపు పదివేల రెట్లు బరువైన రుణ అయాన్లను పట్టిందని 2007లో వెల్లడైంది. స్టీలు ఛాంబర్‌లో రుణ అయాన్ల నుంచి బీజం పుట్టే కథే అక్కడా నడుస్తోందన్నమాట. ఫ్రాన్స్‌లో పాంప్రే అనే ప్లాస్మా పరికరం ఈ పొగమంచు రేణువులను తేలుతుండగానే పెంచుతోంది.

వైద్యంలో సిడ్నీ విశ్వవిద్యాలయం పని నన్ను బాగా ఆకట్టుకుంది. మార్సెలా బిలెక్, స్టీవెన్ వైజ్ తదితరుల బృందం ఎసిటిలీన్, నైట్రోజన్, ఆర్గాన్ ప్లాస్మాలో పెంచిన రేణువులను మందు మోసే వాహనాలుగా 2018లో ప్రతిపాదించింది. మామూలుగా నానోరేణువుకు మందు అతికించాలంటే మధ్యలో జిగురులాంటి రసాయనాలు చాలా వాడాలి. ఈ రేణువు మీద మిగిలిన అసంపూర్ణ బంధాలే ప్రొటీన్లను, ఇతర అణువులను నేరుగా పట్టుకుంటాయి. కొలిచేవారిని వేధించే చురుకుదనమే ఇక్కడ పనికొచ్చే గుణమైంది.

అక్కర్లేని చోట పుట్టే ధూళి సమస్య కూడా ఉంది. కేంద్రక సంలీన యంత్రాల్లో లోపలి గోడలకు ఒకప్పుడు కార్బన్ పలకలు వాడేవారు. ప్లాస్మా వాటిని చెక్కి పుట్టించిన ధూళి, పొరలు రేడియోధార్మిక ట్రిటియాన్ని పట్టి ఉంచేవి. బ్రిటన్‌లోని జెట్ యంత్రంలో కార్బన్ తీసేసి బెరీలియం, టంగ్‌స్టన్ గోడలు పెట్టాక ఇంధనం చిక్కుకోవడం పది రెట్లకు పైగా తగ్గింది. అంతర్జాతీయ సంలీన యంత్రం ఐటర్ కూడా కార్బన్‌ను వదిలేసింది.

మన దేశానికి ధూళి ప్లాస్మాతో పాత బంధమే ఉంది. అందులో శబ్దంలాంటి మెల్లని అలలు ఉంటాయని 1990లో లెక్కకట్టిన ముగ్గురిలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాలకు చెందిన ఎన్.ఎన్.రావు ఒకరు, భారతదేశంలో పుట్టి బోఖుమ్‌లో పనిచేసిన పి.కె.శుక్లా ఒకరు. గాంధీనగర్ దగ్గరి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో ఈ అలల మీద ఎంతో పని జరిగింది. అయితే అది ఎక్కువగా తయారు రేణువులతో సాగింది; రేణువును పెంచే రసాయనం వైపు ఇంకా చాలా చోటుంది. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో కార్బన్ పదార్థాల మీద, పూతల మీద విడివిడిగా కేంద్రాలున్నాయి. ఈ రెండు విద్యలూ కలిసిన చోటే పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఉన్నాయి.

ఈ రంగం ముందుకు పోవాలంటే కొత్త యంత్రాలకంటే ముందు రాసే పద్ధతి మారాలి. ఒకే పీడనం, ఒకే పవర్ అని రాసిన రెండు ప్రయోగశాలల ఫలితాలు కలవకపోవడానికి, ఛాంబర్ గోడకు అంతకుముందు పట్టిన పొర నుంచి గ్యాసు సిలిండర్ వరకు కారణాలు బోలెడు. ఎసిటిలీన్‌ను సిలిండర్‌లో అసిటోన్‌లో కరిగించి నిల్వచేస్తారు. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ గ్యాసుతో పాటు అసిటోన్ ఆవిరి కూడా ఎక్కువగా వస్తుంది, రేణువు పుట్టుక మారిపోతుంది. ఇలాంటి వివరాలు పరిశోధన పత్రాల్లో తప్పనిసరిగా ఉండాలి.

విశ్వవిద్యాలయాల్లో ప్లాస్మాతో కార్బన్ పూతలు వేస్తున్న ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు ఒక విన్నపం. పూత అయ్యాక ఛాంబర్ అడుగున మిగిలే గోధుమ రంగు పొడిని తుడిచిపారేసే ముందు దాన్ని కాస్త తీసి మైక్రోస్కోపు కింద చూడండి. తర్వాతిసారి కిటికీలోంచి ఒక చిన్న లేజర్ పరదా వేసి, ఒక మామూలు కెమెరా పెట్టి, ఆ పొడి ఎప్పుడు పుట్టిందో, ఎంతసేపు తేలిందో, ఎప్పుడు రాలిందో రాసుకోండి. ఆ నోటుబుక్కులో సిలిండర్‌లో గ్యాసు ఎంత మిగిలిందో కూడా రాయండి.